అత్తగారి గడియారము

ధ్యాన భాగము: రూతు 1వ అధ్యాయము, 6 మొదలు 18 వరకు



సంఘ పత్రికలో సినిమా ప్రసక్తి యేమిటని పెద్దలు కొందరు అడుగవచ్చును. మన కాపరులు తరతరములుగా సినిమాలను గూర్చి హెచ్చరించుచు వచ్చిరి. ఆ హెచ్చరికలో సత్యము లేకపోలేదు. అయితే మేము ఈ నెల చెప్పబోవు చిత్రములో కొట్లాటలు లేవు, నాట్యములు లేవు, ప్రేమ కలాపములు లేవు. ముసలి దంపతులిద్దరు పట్టణములోనున్న తమ పిల్లలను చూడబోవుదురు. చూచి ఇంటికి తిరిగి వత్తురు. వచ్చిన కొద్ది దినములకే ఆ తల్లి చనిపోవును. కథ అంతమాత్రమే. దానిని చూచినది మొదలు రూతు గ్రంథములోని ఒక సంగతి మమ్మును విడువకున్నది. కాబట్టి యిది వ్రాయుచున్నాము.

చిత్రము పేరు "టోక్యో కథ". 1953లో జపాను దేశమందు యసుజిరో ఓజు అను దర్శకుడు దానిని తీసెను. ఆయన తానే 1937 మొదలు 1939 వరకు చైనాలో సిపాయిగా నుండి యుద్ధమును కన్నులార చూచినవాడు. అయినను చిత్రములో ఒక తుపాకియైనను పేలదు. యుద్ధము 1945లోనే ముగిసినది. రైళ్లు నడచుచున్నవి, బిడ్డలు బడికి పోవుచున్నారు, జనులు ఎవరి పనిలో వారున్నారు. మరి యుద్ధము ఎక్కడ మిగిలినదనగా, ఒక చిన్న గదిలో, బల్లమీద నిలిపిన ఒక యువకుని ఫొటోలో మిగిలినది.

జపాను మాట వచ్చినప్పుడు మన తీరప్రాంతమువారికి మరియొక సంగతి తోచును. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినవి. ఆ దేశపు తల్లి దుఃఖముతో మనకేమి పని యని ఎవరైన అనినయెడల, రూతు ఏ దేశస్థురాలో వారు జ్ఞాపకము చేసికొనవలెను. మోయాబు ఇశ్రాయేలునకు శత్రుదేశము. ఆ శత్రుదేశపు ఆడుబిడ్డ కన్నీళ్లనే పరిశుద్ధ గ్రంథము మనకు పాఠముగా నిచ్చినది.

ఇక కథకు వత్తము. ఒనోమిచి యనునది సముద్రతీరమున ఒక చిన్న రేవు పట్టణము. అక్కడ షుకిచి యను వృద్ధుడును ఆయన భార్య తోమియు కాపురముండిరి. చివరి కుమార్తె బడిపంతులమ్మగా వారియొద్దనే యుండెను. పెద్దకుమారుడు టోక్యోలో వైద్యుడు. పెద్దకుమార్తె అక్కడనే బ్యూటీ పార్లరు నడుపుచుండెను. ఒక చిన్నకుమారుడు ఒసాకాలో రైల్వే ఉద్యోగి. వీరందరి నడుమ షోజి యని ఇంకొక కుమారుడుండెను. అతడు యుద్ధమునకు పోయి తిరిగి రాలేదు. శవము రాలేదు, సమాధి లేదు. ఎనిమిది సంవత్సరములు గడచినవి. అతని భార్య నోరికో టోక్యోలో ఒక ఆఫీసులో పనిచేసికొనుచు ఒంటి గదిలో నివసించుచుండెను. ఆమెకు పిల్లలు లేరు.

ముసలివారు ఎంతో దూరము రైలులో ప్రయాణము చేసి టోక్యో చేరిరి. కన్నబిడ్డలు వారిని తరిమివేయలేదు, తిట్టలేదు. వారికి తీరిక లేదు, అంతే. వైద్యుడైన కుమారుడు తల్లిదండ్రులను ఊరు చూపింప బయలుదేరగా రోగి పిలుపు వచ్చినది. కుమార్తెకు దుకాణములో పని. చివరకు అన్నాచెల్లెండ్రు చెరి కొంత సొమ్ము వేసికొని తల్లిదండ్రులను అటామి యను వేడినీటి బుగ్గల ఊరిలో ఒక సత్రమునకు పంపివేసిరి. రాత్రియంతయు అక్కడి గోలతో వారికి నిద్ర లేదు. (సొమ్మిచ్చి పంపివేయుట సేవ యనుకొనువారు జపానులోనే కాదు, మన హైదరాబాదులోను అమెరికాలోను చాలమంది యున్నారు. కాని అది వేరొక నెల ప్రసంగము.)

ఆఫీసులో సెలవు అడిగి, అత్తమామలను బస్సులో ఎక్కించి ఊరంతయు త్రిప్పి చూపినది విధవరాలైన కోడలే. పిదప తన గదికి తీసికొనిపోయి, ఇంటిలో ఏమియు లేనందున పొరుగామె యొద్ద ఎరువు తెచ్చి వారికి మర్యాద చేసినది. అక్కడ షోజి ఫొటో యుండెను. ముగ్గురును చనిపోయిన వానిని గూర్చి మాటలాడుకొనిరి. అతడు త్రాగి అర్ధరాత్రి స్నేహితులను వెంటబెట్టుకొని ఇంటికి వచ్చుచుండెడివాడట; అత్తగారు తన భర్తయు అట్టివాడేయని చెప్పగా నవ్వుకొనిరి. ఆ తల్లి తన కుమారుడు ఇంకను ఎక్కడనో బ్రదికి యున్నట్లే తనకు తోచుచుండునని చెప్పెను. తండ్రి మాత్రము, ఎనిమిదేండ్లైనది, ఇక లేడు అనెను.

సంఘములో ఎన్నో మరణములు చూచిన కాపరులెవరైనను ఈ రెండు మాటలను ఎరుగుదురు. ఒకే ఇంటిలో ఒకరు తలుపువైపు చూచుచుందురు, ఇంకొకరు తలుపు మూసివేయుదురు. దేహము ఇంటికి చేరని మరణములో ఇది మరియు కష్టము. రిస్పా కథ మీకు తెలియును. యవలకోత ఆరంభము మొదలు వాన కురియువరకు ఆ తల్లి బండమీద గోనెపట్ట పరచుకొని తన కుమారుల దేహములను పగలు పక్షులు, రాత్రి అడవిమృగములు ముట్టకుండ కాచెను (2 సమూయేలు 21). అది భయంకరమైన కాపలా. అయినను ఆమెకు కాచుటకు ఏదో యొకటి యుండెను. తోమికి ఫొటో తప్ప ఏమియు లేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరము వంటి పల్లెలనుండి రెండు ప్రపంచ యుద్ధములకును సిపాయిలు వెళ్లిరి. పరదేశపు మట్టిలో కలిసినవారి తల్లులు ఆ దినములలో దేనిని కాచుకొని యుందురు? నేడు గల్ఫు దేశములకు పనికి పోయిన కుమారుని దేహము కొరకు కాగితములు పట్టుకొని తిరుగు తల్లులు మన పల్లెలలో నున్నారు. వారిని ఆదరింపబోవువారు తొందరపడి మాటలాడకుందురు గాక.

అటామి నుండి ముందుగానే తిరిగి వచ్చినందున ఒక రాత్రి ముసలివారికి పండుకొనుటకు చోటు లేకపోయెను. కుమార్తె యింటిలో ఏదో కూడిక యున్నది. తోమి కోడలి గదికి పోయెను. చనిపోయిన కుమారుని పరుపు మీద ఆ రాత్రి నిద్రించుట తనకెంతో సంతోషమని చెప్పెను. కోడలు ఆమె భుజములు పిసికెను. అప్పుడు ఆ అత్తగారు ఒక మాట చెప్పెను: నీవింకను చిన్నదానవు, మంచి మనుష్యుడు దొరికినయెడల మరల వివాహము చేసికొనుము, నిన్ను ఇట్లు చూచిన నాకు బాధగా నున్నది, మాకొరకు ఆగవద్దు.

ఇక్కడ మేము రూతు గ్రంథమును తెరచి చూడవలసివచ్చెను.

రూతు 1వ అధ్యాయము అనగానే మన ప్రసంగములలో రూతు నయోమితో చేసిన ప్రమాణమే వినవచ్చును. పెండ్లిండ్లలో దానిని చదువుదురు, కార్డులమీద అచ్చువేయుదురు. అది యోగ్యమే. కాని ఆ ప్రమాణమునకు ముందు నయోమి ఏమి చెప్పెనో చూడుడి. కరవు వలన బేత్లెహేము విడిచి మోయాబునకు పోయిన ఆ స్త్రీ అక్కడ భర్త ఎలీమెలెకును పోగొట్టుకొనెను. కుమారులు మహ్లోను కిల్యోనులను పోగొట్టుకొనెను. పదియేండ్లలో ఇల్లు ఖాళీ ఆయెను. మిగిలినవారు ఇద్దరు కోడండ్రు. దారి ప్రయాణములో ముసలితనమున ఆమెకు ఊతకఱ్ఱలు వారిద్దరే. ఆ ఇద్దరిని ఆమె నిలువబెట్టి, మీ తల్లుల యిండ్లకు తిరిగి పొండని చెప్పెను. వారు తనకును చనిపోయినవారికిని చేసిన మేలునకు ప్రభువు వారికి మేలు చేయవలెనని ప్రార్థించెను. అంతటితో ఆగక, వారిలో ప్రతి ఒకతెకు మరియొక భర్త యింట నెమ్మది కలుగవలెనని కోరెను (8, 9 వచనములు).

తన కన్నకుమారుల భార్యల కొరకు మరియొక భర్త యిల్లు కోరిన తల్లి! ఇది ఎంత కష్టమైన ప్రార్థనయో కుమారుని పోగొట్టుకొన్న తల్లులను అడుగుడి. కోడలు మరియొక యింటికి పోయినయెడల కుమారుడు రెండవమారు చనిపోయినట్లుండును. నయోమి ఆ రెండవ మరణమునకు తానే ఒప్పుకొనెను.

ఓర్పాను గూర్చి ఒక మాట. మన ప్రసంగీకులు ఆమెను లోకమును ప్రేమించినదానిగా చెప్పుట కద్దు. గ్రంథము ఆమెను నిందింపలేదు. నయోమియు నిందింపలేదు. ఆమె ఏడ్చి, అత్తను ముద్దుపెట్టుకొని, అత్త చెప్పినట్లే చేసెను. దీవెన పొందియే పోయెను. రూతు ఉండిపోయినది తన మనస్సుతో ఉండిపోయెను. ఆ ప్రమాణము రూతు నోటనుండి వచ్చినది గాని నయోమి పలికించినది కాదు. ఈ సంగతి మేము గట్టిగా చెప్పవలసియున్నది. ఏలయనగా మన సంఘములలో కొందరు అత్తమామలు రూతు మాటలను తీసికొని కోడలి మెడలో తాడుగా వేయుచున్నారు. రూతు అట్లుండెను, నీవును అట్లుండవలెను అందురు. నయోమి ఎట్లుండెనో వారిని ఎవరును అడుగరు.

విధవరాలు ప్రభువునందు మరల పెండ్లి చేసికొనుటకు స్వతంత్రురాలని పౌలు కొరింథీయులకు స్పష్టముగా వ్రాసెను (మొదటి పత్రిక 7:39). యౌవన విధవరాండ్రు పెండ్లి చేసికొనుట మంచిదని తిమోతికి వ్రాసెను (మొదటి పత్రిక 5:14). అయినను మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? ఇరువది నాలుగేండ్ల పిల్ల విధవరాలైనచో, ఆమె నవ్వినను తప్పే, రంగు చీరె కట్టినను తప్పే. ఒక్కొక్కచోట మాట వేరుగా నుండును: ఆమె కూలి డబ్బు ఇంటికి కావలెను, లేక అర ఎకరము చేయి దాటిపోవునని భయము, లేక మనుమని తీసికొనిపోవునని భయము. ఈ భయములు ఉత్తవి కావు. నయోమికిని ఇదే భయము ఉండవచ్చును. రూతు పరిగె ఏరి తెచ్చిన యవలే ఆమెకు ఆహారము. మొదటి దినమున దాదాపు తూమెడు యవలు తెచ్చెను. ఆ పిల్ల పెండ్లియై పోయినయెడల రేపటి గంజి ఎక్కడనుండి వచ్చును? అయినను 3వ అధ్యాయము మొదట, నీకు మేలు కలుగునట్లు నీకొక నెమ్మదిగల చోటు నేను చూడవద్దాయని అడిగినది నయోమియే. మొదటి అధ్యాయములో ప్రార్థించినదానిని మూడవ అధ్యాయములో తానే పని పెట్టుకొని నెరవేర్చెను.

చిత్రములో తోమి ఊరికి తిరిగి పోవుచు దారిలో జబ్బుపడి ఒసాకాలో ఆగెను. ఇల్లు చేరిన వెంటనే స్థితి విషమించెను. టెలిగ్రాము అందుకొని పిల్లలందరు బయలుదేరిరి. పెద్దకుమార్తె ముందుచూపుతో దుఃఖవస్త్రములు కూడ సర్దుకొనెను. నోరికో తెచ్చుకొనలేదు. తెల్లవారుజామున తోమి చనిపోయెను. ఆమెకు 68 ఏండ్లు. చిన్నకుమారుడు ఆలస్యముగా చేరెను. గుడిలో మంత్రములు చదువుచుండగా అతడు కూర్చుండలేక బయటికి వచ్చి, ఆ చప్పుడు వినుకొలది తన తల్లి కొంచెము కొంచెముగా చిన్నదై పోవుచున్నట్లున్నదనెను. బ్రదికియున్నప్పుడు చేయని సేవ ఇప్పుడెట్లు చేయుదునని అతని దుఃఖము. భోజనముల వేళ పెద్దకుమార్తె తల్లి బట్టలలో ఫలానివి తనకు కావలెనని అడిగెను. మరుసటి రైళ్లకే అందరు వెళ్లిపోయిరి. ఉండిపోయినది మరల కోడలే.

కొన్ని దినములకు ఆమెయు బయలుదేరుచుండగా మామగారు ఆమెతో కూర్చుండి మాటలాడెను. నీ అత్త చెప్పినట్లే నేనును చెప్పుచున్నాను, షోజిని మరచి పెండ్లి చేసికొనుము అనెను. మా కన్నబిడ్డలకంటె రక్తసంబంధము లేని నీవే మాకు ఎక్కువ చేసితివి, నీవంటి మంచిది లేదని తోమి చెప్పుచుండెడిదనెను. అప్పుడు ఆ కోడలు తన హృదయములో దాచియుంచినది బయట పెట్టెను. నేను మీరనుకొన్నంత మంచిదానను కాను. మీ కుమారుని జ్ఞాపకము రాని దినములును ఉన్నవి. రాత్రులు ఒంటరిగా ఇట్లుండగా నా గతి యేమగునో యని భయము. దేనికొరకో నా మనస్సు ఎదురుచూచుచున్నది. నేను స్వార్థపరురాలను, అని చెప్పెను.

సహోదరీలారా, ఈ ఒప్పుకోలు చేయలేక ఎంతమంది మన నడుమ నలుగుచున్నారో మాకు తెలియును. చనిపోయినవాని ముఖము కొంచెము కొంచెముగా మరపునకు వచ్చుచున్నదని చెప్పినయెడల సంఘము ఏమనునో, అత్తగారు ఏమనునో యను భయముతో, జ్ఞాపకార్థ కూడికలో లేని కన్నీరు తెచ్చుకొనువారు కలరు. మరచుట పాపమా? మోషే చనిపోయినప్పుడు ఇశ్రాయేలీయులు ముప్పది దినములు ఏడ్చిరి. పిదప ఆ దినములు సమాప్తమాయెనని ద్వితీయోపదేశకాండము కడపటి అధ్యాయము చెప్పుచున్నది. మోషే అంతటివానికి ముప్పది దినములు! దావీదు తన బిడ్డ చనిపోయిన వెంటనే లేచి స్నానముచేసి భోజనము చేయగా అతని సేవకులే విస్మయమొందిరి. అట్లని ఏడ్పు మానుమని మేము ఎవరికిని చెప్పుట లేదు. ఆదరణ పొందనొల్లని రాహేలును కూడ గ్రంథము తన పుటలలో నుంచుకొన్నది. కొందరికి ముప్పది దినములు, కొందరికి ముప్పది సంవత్సరములు. ఇంత ఏడువుమనియు, ఇంతటితో చాలించుమనియు ఒకరి కన్నీటికి ఇంకొకరు కొలపాత్ర పట్టరాదు.

ఆ వృద్ధుడు ఆ ఒప్పుకోలు వినినప్పుడు ఏమి చేసెనో చూడుడి. కోపగించలేదు. నా కుమారుని మరచితివా యని ముఖము త్రిప్పుకొనలేదు. అది సరియే యనెను. ఆమె యథార్థురాలని చెప్పెను. లోపలికి పోయి చిన్న గడియారమొకటి తెచ్చెను. తోమి ఇంచుమించు ఈ కోడలి ప్రాయమునుండి దాచుకొన్నది, పాతది, ఆమె జ్ఞాపకముగా తీసికొమ్మని ఇచ్చెను. నీవు సుఖముగా నుండవలెనని నిజముగా కోరుచున్నానని చెప్పెను. నోరికో ముఖము కప్పుకొని ఏడ్చెను.

కూతురు అడిగి తీసికొన్న బట్టలు తల్లి వస్తువులే. కోడలికి అడుగకయే వచ్చిన గడియారమును తల్లి వస్తువే. బట్టలు పోయినవారివి, అంతే. గడియారము మాత్రము ముందుకు నడచును. మా యింటిలోనే నిలిచిపొమ్మని చెప్పుటకు ఆయన దానిని ఇయ్యలేదు. పోయి బ్రదుకుమని ఇచ్చెను. అది ఇచ్చిన తరువాత ఆ ఇంటిలో ఆయన ఒంటరి. కడపట ఆయన కిటికీయొద్ద కూర్చుండి, ఇక దినములు చాల పొడుగుగా నుండునని పొరుగామెతో చెప్పును. నయోమికి కలిగినట్లు ఆయన ఒడిలోనికి మనుమడు రాలేదు. విడిచిపెట్టినవారికందరికి ఈ లోకములోనే ఫలము కనబడునని మేము మీకు మాట ఇయ్యలేము.

ఆ చిత్రములోనివారు క్రైస్తవులు కారు. పునరుత్థాన నిరీక్షణ వారి మాటలలో వినబడదు. మనకు ఆ నిరీక్షణ కలదు. అందునుబట్టి దేవునికి స్తోత్రము. కాని ఆ నిరీక్షణను దుఃఖించువారి నోరు మూయుటకు వాడుట మన సంఘములలో చూచుచున్నాము. మట్టి ఇంకను ఆరకముందే, ప్రభువు చిత్తము, ఏడువకుమని చెప్పుట మనకు అలవాటైపోయినది. లాజరును లేపబోవుచున్నానని యెరిగియు యేసు ఆ సమాధి దారిలో కన్నీళ్లు విడిచెను. సిలువమీద తన ప్రాణము పోవుచుండగా తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించెను. కన్నకొడుకు కానివానిని ఆమెకు కొడుకును చేసెను. రక్తసంబంధము లేనిచోట బంధుత్వము కట్టుట నయోమి రూతులతో ఆగలేదన్నమాట. ఆ శిష్యుడు ఆ గడియనుండి ఆమెను తన యింట చేర్చుకొనెనని యోహాను వ్రాసెను.

ఇక చనిపోయినవాని పేరు ఏమగునని అడుగువారికి ఒక సంగతి. మహ్లోను పేరు పోలేదు. బోయజు ఊరి గవినియొద్ద పెద్దలయెదుట నిలిచి, చనిపోయినవాని పేరు అతని స్వాస్థ్యముమీద నిలుపుటకే రూతును పెండ్లి చేసికొనుచున్నానని పలికెను. రెండవ భర్త మొదటి భర్త పేరును సిగ్గులేక, అసూయ లేక నలుగురిలో పలికెను. అట్టి పురుషులు మన సంఘములలో కావలెను. విధవరాలిని చేసికొన్నవానిని హేళన చేయు యౌవనస్థులు ఈ 4వ అధ్యాయమును ఒకమారు చదువుదురు గాక. బిడ్డ పుట్టినప్పుడు పొరుగు స్త్రీలు నయోమికి కుమారుడు పుట్టెననిరి. ఏడుగురు కుమారులకంటె ఈ కోడలు మేలనిరి. నయోమి ఆ బిడ్డను ఒడిలో పెట్టుకొని పెంచెను. వానికి ఓబేదు అని పేరు పెట్టినవారు ఆ పొరుగు స్త్రీలే. తనను మారా యని పిలువుమని ఆమె చెప్పినది కూడ ఆ ఊరిలోనే.

ఈ నెల గృహ కూడికలలో రూతు గ్రంథము నాలుగధ్యాయములును వారమునకొకటిగా చదువవలెనని కోరుచున్నాము. స్త్రీల సమాజపు సహోదరీలు తమ పేటలో ఈ రెండు మూడేండ్లలో భర్తను పోగొట్టుకొన్నవారి యింట ఒక కూడికయైనను పెట్టుడి. వెళ్లినప్పుడు ఆమె అత్తగారిని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుడి, ఆమెయు బిడ్డను పోగొట్టుకొన్నదే. అధ్యాయము చదువుట వచ్చినవారు చాలమంది యుందురు. కాని ఆ యింటిలో మొదటి అధ్యాయమును, నయోమి మాటలవరకు, ఆ అత్తగారిచేతనే చదివింపుడి. ఆమెకు అక్షరములు రానియెడల కోడలు ఒక్కొక్క మాట చెప్పుచుండగా ఆమె వెంట పలుకవచ్చును.